రోడ్డు నిలువు, నీళ్లు అడ్డం

ఎప్పుడైనా మ్యాపు ముందేసుకుని మన కోస్తాని తీరిగ్గా చూశారా? నీళ్లన్నీ అడ్డంగా పోతుంటాయి. వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, గుండ్లకమ్మ, పెన్న, స్వర్ణముఖి... ఏది చూసినా ఎక్కడో ఎగువన పుట్టి తూర్పున సముద్రంలో పడేదే. రోడ్డు మాత్రం నిలువు. కలకత్తా పక్కన డంకుని దగ్గర మొదలై మద్రాసు చేరేలోపు దాదాపు 1,700 కిలోమీటర్లు ఈ నీళ్లన్నింటినీ ఒక్కొక్కటిగా దాటుకుంటూ రావాలి. అందులో వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు మన రాష్ట్రానిదే, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా. కాబట్టి ఈ హైవే కథ చెప్పమంటే నేను ఏర్లూ వంతెనలూ అంటూ మొదలుపెడతాను. విడవలూరు వాణ్ని, పెన్న ఒడ్డు మనిషిని, ఇంకేం చెప్తాను!

ముందు నంబరు సంగతి తేల్చేద్దాం. 2010లో దేశంలోని జాతీయ రహదారుల నంబర్లు తిరగరాశారు. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి సరిసంఖ్య, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసిసంఖ్య. సరిసంఖ్యలు తూర్పు నుంచి పడమటికి పెరుగుతాయి. అలా మన రోడ్డుకి 16 వచ్చింది. అంతకుముందు మన రాష్ట్రంలో అది అయిదు. మా పక్క లారీ డ్రైవర్లకి ఇప్పటికీ అది ఎన్‌హెచ్ ఫైవే. నెల్లూరోళ్లకి ఈ రెండు నంబర్లూ పట్టవు. ఊరి నడిమధ్య పోయే పాతదారి వాళ్లకి ట్రంకురోడ్డు, అంతే. మద్రాసు నుంచి ఉత్తరానికి వేసిన గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు ఇదే. చెన్నైవాళ్లు జీఎన్‌టీ రోడ్డు అనేదీ దీన్నే. లారీలన్నీ బైపాసు పట్టాయి గనక ట్రంకురోడ్డు ఇప్పుడు బట్టల కొట్లకీ బంగారు కొట్లకీ మిగిలింది.

ఇంతకీ హైవే మీ ఊరిమీదుగా పోతుందా అని అడుగుతారేమో. పోదు. పోకపోవడానికి కారణం కూడా నీళ్లే. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఏరు ఒళ్లు విరుచుకుని పడుకుంటుంది. ఉప్పుటేళ్లు, బాడవలు, అడుసు. ఎద్దులబండి దిగబడితే ఇక అంతే సంగతులు. అందుకని పాతకాలం బండ్లవాళ్లూ బాటసారులూ కాస్త ఎగువకి పోయి, గట్లు దగ్గరగా ఉండి ఇసుక గట్టిగా ఉన్నచోట ఏరు దిగేవాళ్లు. పెన్నకి ఆ చోటు నెల్లూరు. ఇవతలిగట్టున కోవూరు, అవతలిగట్టున నెల్లూరు. మా విడవలూరు అక్కణ్నుంచి దిగువకి, సముద్రం వైపు. రోడ్డు మమ్మల్ని చిన్నచూపు చూసి తప్పుకుపోయిందని నేననుకోను. ఏరు ఎక్కడ దాటనిస్తే అక్కడికే పోయింది.

ఆ కాలంలో ఈ దారి ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామయ్యగారి దగ్గరికి పోవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరారు. పోయేటప్పుడు తిరుపతి, కడప, హైదరాబాదుల మీదుగా పోయారు. వచ్చేటప్పుడు మాత్రం కలకత్తా నుంచి ఈ తీరం వెంబడే దిగి, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివితే దారిలో పట్టించుకున్నవేంటో తెలుస్తుంది. ఏ ఊళ్లో సత్రం ఉంది, ఏ బావిలో నీళ్లు తాగొచ్చు, ఏ ఏరు ఎలా దాటాలి. ఈ రోజు మనం టోలుగేటు ఎంత, డీజిలెక్కడ అని చూసుకుంటున్నట్టే. కాకపోతే ఆయనకి వరదొస్తే గట్టుమీద కూచుని ఎదురుచూడ్డమే, వేరే దిక్కులేదు.

ఆ ఎదురుచూపు తప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. నెల్లూరు దగ్గర పెన్నకి ఆనకట్ట 1855లో వచ్చింది. పొలాలకి నీళ్లివ్వడానికి కట్టారు దాన్ని. తర్వాత ఎగువన సంగం దగ్గర ఇంకోటి కట్టాక, కనిగిరి చెరువు మీదుగా మా ఉత్తరపుగట్టుకీ కాలవలు పారాయి. 2022 సెప్టెంబరులో ఆ రెండు చోట్లా కొత్త బ్యారేజీలు మొదలయ్యాయి, వాటిమీద రోడ్లు కూడా వేశారు. బెజవాడలోనూ అంతే, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కృష్ణ మీద నీళ్లూ బండ్లూ ఒకే కట్టడం పంచుకున్నాయి. గోదావరి దగ్గర మాత్రం హైవేకి డబుల్ పని. రావులపాలెం దగ్గర గౌతమినీ, సిద్ధాంతం దగ్గర వశిష్ఠనీ విడివిడిగా దాటాలి.

ఇప్పుడు మీకో చిక్కు ప్రశ్న. మా ఊరికి పడమట హైవే, రైలూ ఉన్నాయి గదా, తూర్పున ఏముంది? సముద్రం అంటారు. సముద్రానికి ముందే ఇంకో నిలువు దారి ఉంది, బకింగాం కాలవ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరుకి తవ్వడంతో మొదలై, పులికాటు, కృష్ణపట్నం దాటి, ఉత్తరాన పెదగంజాం దాకా వచ్చింది. అక్కడ కృష్ణా కాలవలతో కలిసింది. అంటే అప్పట్లో కాకినాడలో పడవెక్కితే మద్రాసులో దిగొచ్చు! 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ఊళ్లోని ముక్కని కరువుపని కింద తవ్వించి, అప్పటి గవర్నరు బకింగాం డ్యూకు పేరు పెట్టారు. తవ్వినవాళ్లు గంజి కోసం తవ్వారు. పేరు మాత్రం డ్యూకుది. ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల్లో మద్రాసుకి పోయిన రోజుల్లో మా పక్క ఊళ్లకి ముంగిలి తూర్పువైపే.

తర్వాత రైలొచ్చింది. 1899లో గూడూరు నుంచి బెజవాడకి లైను పడేసరికి సరుకు పడమటికి తిరిగింది. రైలూ మా ఊళ్లోకి రాలేదు. మాకు దగ్గర్లో ఒక స్టేషన్ పేరు అల్లూరు రోడ్డు. అల్లూరు కాదు, అల్లూరు రోడ్డు. ఇక్కడ దిగి ఊరికి పోండి అని రైల్వేవాళ్లు మర్యాదగా చెప్పడమన్నమాట. 1965, 66 తుఫాన్లతో కాలవ దెబ్బతింది. 2008లో దాన్ని నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారు. మాకు కనపడేది మాత్రం పూడికా, తుమ్మచెట్లూ.

ఇక స్వర్ణ చతుర్భుజి. 1999 జనవరిలో వాజ్‌పేయిగారు శంకుస్థాపన చేసిన పథకం, నాలుగు మహానగరాల్ని కలుపుతూ 5,846 కిలోమీటర్లు. మన రోడ్డు దాని తూర్పుభుజం. నాలుగు వరసలయింది, కట్ట ఎత్తయింది. ఎత్తయితే మంచిదే గదా అంటారు. బండికి మంచిదే. అడ్డంగా పోయే నీళ్లకి మాత్రం నిలువుగా కట్ట కట్టినట్టే. తూములు చాలకపోతే నీళ్లు ఒకవైపు నిలబడిపోయి, బలం చాలినచోట తెంచుకుంటాయి. 2021 నవంబరులో పెన్నకి వచ్చిన వరదలో అదే చూశాం. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలుపట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. కలకత్తా-మద్రాసు రాకపోకలు కోవూరు పొలాల మధ్య ఆగిపోయాయి. దేశమంతా టీవీల్లో పడుగుపాడు పేరు విన్నది ఆ రోజే.

అందుకే అంటున్నా, ఈసారి హైవే మీద వస్తే కిలోమీటరు రాళ్లు వదిలేసి ఏర్లు లెక్కపెట్టండి. ఇచ్ఛాపురం దగ్గర బాహుద, తుని దగ్గర తాండవ, నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి, సూళ్లూరుపేట దగ్గర కాళంగి... పిల్లలకి భూగోళం పాఠం ఇంతకన్నా సులువుగా రాదు.

ఆ ఏర్లలాగే మా బతుకులూ హైవేకి అడ్డంగా పోయేవే. ఒక రాత్రి రొయ్యల గుంట దగ్గరికి రండి, తెలుస్తుంది. వల లాగుతుంటారు, తలకి కట్టుకున్న లైట్ల వెలుగులో రొయ్యలు ఎగిరెగిరి పడుతుంటాయి. ఒక కిలో తూచి ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. నలభై వస్తే నలభై కౌంటు, రేటు దాన్నిబట్టే. ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య, మళ్లీ ఐసు. అక్కణ్నుంచి ఐసుతో, కాలంతో పందెం. గుంట నుంచి కోవూరు దాకా ఉన్న సన్నరోడ్డు మీద ఎదురుగా వరికోత మిషనొస్తే ఎవరో ఒకరు గుంటగట్టు దాకా రివర్సు పోవాల్సిందే. వానాకాలమైతే గోతిలో నీళ్లెంత లోతో దిగితేగానీ తెలియదు. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం పక్కగా పోయే 216 నంబరు హైవే ఒకటి ఉంది, మా దాకా రాకుండా ఒంగోలు దగ్గరే ఆగిపోయింది.

ఆ సన్నరోడ్డుకి నంబరు లేదు, శంకుస్థాపన ఫొటో లేదు. చరిత్ర రాసేవాళ్లు ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఊరికి హైవే ఎంత దగ్గరో తేల్చేది మాత్రం ఆ రోడ్డే. మొన్నామధ్య ఒక రొయ్యలలారీ డ్రైవర్ని, రాత్రంతా మద్రాసు దాకా తోలడం కష్టం గాదా అబ్బయ్యా అని అడిగాను. స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండానే నవ్వాడు.

"హైవే ఎక్కినాక ఎవుడైనా తోల్తాడు సామీ. ఎక్కించేదాంట్లోనే ఉండేది పనంతా."