కిన్నెరసాని అడవిలో ఒక పగలు

దుమ్ముగూడెం ప్రాంతంలో నివసించేవారికి అడవి కొత్త కాదు. భద్రాచలానికి ఎగువన, గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఈ మండలం నుండి ఉత్తరానికి చూస్తే ఛత్తీస్‌గఢ్ దాకా కొండలూ చెట్లే. అయినప్పటికీ మా మదర్సా విద్యార్థులలో చాలామందికి దుప్పి అంటే పుస్తకంలోని బొమ్మయే. దివ్యఖుర్ఆన్‌లో ఆవు, తేనెటీగ, చీమ, సాలెపురుగు, ఏనుగుల పేర్లతో సూరాలున్నాయి. వాటిని కంఠస్థం చేసిన పిల్లలు ఆ సృష్టిని ఒక్కరోజైనా నిదానంగా పరిశీలించాలని ఉపాధ్యాయులమంతా భావించాము. అటవీ అధికారుల అనుమతి పొంది, ఆరు నెలల పరీక్షలు ముగిసిన తరువాత ఇరవై మంది విద్యార్థులతో కిన్నెరసాని అభయారణ్యానికి బయలుదేరాము.

ఫజ్ర్ నమాజ్ ముగించుకొని భద్రాచలం వద్ద గోదావరి వంతెన దాటాము. సారపాకలో కాగితపు మిల్లు, ఆ తరువాత పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు కనిపించాయి. అవి దాటి కొద్ది దూరం పోగానే లోకం మారిపోయింది. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘కిన్నెరసాని పాటలు’ వలన తెలుగువారందరికీ తెలిసిన ఏరు ఇదే. తాడ్వాయి కొండలలో పుట్టి గోదావరిలో కలుస్తుంది. దీనిపై కట్టిన జలాశయపు నీరే ఆ విద్యుత్ కేంద్రానికి ఆధారం. జలాశయం చుట్టూ ఉన్న సుమారు 635 చదరపు కిలోమీటర్ల అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. మన ఇంట దీపం వెలిగినప్పుడు అందులో ఈ అడవి నీటికి కూడా భాగముందని తలచేవారు అరుదు.

“ఇది వర్షారణ్యమేనా ఉస్తాద్?” అని ఒక విద్యార్థి అడిగాడు. కాదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే వర్షారణ్యం చూడాలంటే పడమటి కనుమలకో, అండమాన్ దీవులకో, సముద్రం దాటి మలేషియాకో పోవాలి. మనది ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి, తునికి, ఇప్ప, వెదురు దీని సంపద. వేసవిలో ఇది ఎండిపోయినట్లు కనిపించడం మరణం కాదు, నీటిని పొదుపు చేసుకునే ఉపాయం. ఆకు రాల్చిన చెట్టుకు దాహం తక్కువ.

మాకు దారి చూపినవాడు అటవీశాఖ వద్ద కాపలా పని చేసే ఒక కోయ యువకుడు. నడుస్తూ మాట్లాడవద్దని, ఎర్రని బట్టలు వద్దని, అత్తరు అసలే వద్దని ముందుగానే కబురు పంపాడు. మనిషి కంటబడక ముందే జంతువుకు వాసన అందుతుందట. ఆ రోజు శుక్రవారం కాదు కనుక అత్తరు విషయంలో ఎవరికీ బాధ కలగలేదు. పిల్లలు అతనిని “అన్నా” అని పిలిచారు. అతడు మమ్ములను “మౌలానా సార్” అన్నాడు.

మొదటి అరగంటలో మేము ఏమీ చూడలేదు, అతడు మాత్రం చాలా చూశాడు. బాట పక్కన పగిలిన చెదపుట్టను చూపి, రాత్రి ఎలుగుబంటి దానిని గోళ్లతో తవ్వి చెదలను పీల్చుకున్నదని చెప్పాడు. తడి మన్నులో వెడల్పాటి గిట్టల జాడ అడవిదున్నది. కొంత ముందుకు సాగాక కొండముచ్చులు ఒక చెట్టుపై కూర్చొని చిగుళ్లు తుంచి తింటున్నాయి. సగం తిని సగం పారవేస్తుంటే, క్రింద ఆరేడు దుప్పులు ఆ ఆకులను మేస్తున్నాయి. పైనున్నవాటి చూపు దూరం పోతుంది, క్రిందనున్నవాటి ముక్కు చురుకైనది. అపాయాన్ని ఏది ముందు పసిగట్టినా దాని అరుపు రెండవ జాతికీ హెచ్చరికయే. పక్షులూ జంతువులూ మనవంటి సముదాయాలేనన్న భావం దివ్యఖుర్ఆన్ 6వ సూరా 38వ ఆయత్‌లో ఉంది. ఎన్నోసార్లు బోధించిన ఆ ఆయత్‌కు వ్యాఖ్యానం ఆ చెట్టు క్రింద నిలబడి చూశాము.

తిరుగు బాటలో మా మార్గదర్శి హఠాత్తుగా వంగి, పొద క్రింది నుండి ఒక సన్నని తీగ లాగాడు. అది ఉచ్చు. స్కూటరు బ్రేకు తీగతో చేసినది. దుప్పి మెడ అందులో పడితే, పెనుగులాడిన కొద్దీ అది బిగుస్తుంది. కొందరు కరెంటు లైను నుండి తీగ లాగి అడవిపందులకు పన్నుతారనీ, చీకట్లో ఆ తీగ తగిలి మనుషులు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారనీ చెప్పాడు. “ఈ మాంసం ఊళ్లో ఎవరు తింటారు? పట్నం వాళ్లకే పోతుంది సార్” అన్నాడు.

ఈ మాట మన ఇళ్లకు కూడా వర్తిస్తుంది. దుప్పి మాంసం చాటుగా వచ్చిందని, బంధువులకు పంచామని గొప్పగా చెప్పుకునే కుటుంబాలు మనలో లేకపోలేదు. దుప్పి హలాల్ జంతువే, కాదనము. అయితే గొంతు బిగిసి చచ్చిన జంతువును 5వ సూరా 3వ ఆయత్ నిషిద్ధాలలో చేర్చింది. ప్రాణముండగా జబహ్ చేస్తే తప్ప అది హలాల్ కాదు. రాత్రి ఉచ్చులో పడి తెల్లవారేసరికి బిగుసుకుపోయిన దుప్పికి జబహ్ ఎవరు చేశారని కొనేవారు అడుగుతున్నారా? ఇక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని నేరమన్నది. రెండు విధాలా తగని దానిని విందులో వడ్డించడం ఏమి మర్యాద?

మధ్యాహ్నం జుహర్ నమాజ్ జలాశయపు ఒడ్డున చదివాము. దూరాన మట్టిదిబ్బపై నోరు తెరిచి ఎండ కాచుకుంటున్న మొసలిని పిల్లలు అప్పుడే చూశారు. భోజనాల వేళ వారికి హిమా సంగతి చెప్పాము. మంచు గురించి అనుకొని చిన్నవాడొకడు నవ్వాడు. అరబ్బీలో హిమా అంటే కాపాడబడిన భూమి. ఇస్లాంకు పూర్వం బలవంతులైన నాయకులు మంచి పచ్చికను తమ సొంతానికి ప్రత్యేకించుకొని ఇతరులను తరిమేవారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ ఆచారాన్ని రద్దు చేసి, ప్రజాహితం కొరకే హిమా ఉండవచ్చునన్నారు. మదీనా చుట్టూ చెట్టు నరకరాని, వేట ఆడరాని హద్దును నిర్ణయించారు. హజ్రత్ ఉమర్ (రజి) రబజాను హిమా చేసినప్పుడు కాపలాదారు హునైకు ఇచ్చిన ఆదేశం బుఖారీ గ్రంథంలో ఉంది. కొద్ది ఒంటెలు, కొద్ది గొర్రెలు గలవానిని లోనికి రానిమ్మన్నారు. సంపన్నులైన ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్‌ల మందలను మాత్రం రానీయవద్దన్నారు. వారి పశువులు నశించినా తోటలూ పొలాలూ మిగులుతాయి. పేదవాని మంద నశిస్తే పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి ఖలీఫా ఎదుట నిలుస్తాడు.

ఆ మాటలు చెబుతుండగానే కొండచీపుళ్ల మోపులు తలపై పెట్టుకొని నలుగురు కోయ స్త్రీలు అటుగా వచ్చారు. కాపలా యువకుని చూసి ఒక్క క్షణం తటపటాయించారు. అతడు వారి భాషలో ఏదో అనగానే నవ్వి సాగిపోయారు. ఇటువంటి చిన్న ఉత్పత్తులపై అడవిబిడ్డల హక్కును 2006 నాటి అటవీహక్కుల చట్టం గుర్తించింది. అయినా ఆ తటపటాయింపు ఇంకా పోలేదు. అదే సమయంలో గట్టుమీద ఒక పెద్ద కారు తలుపులు తెరిచి, పాటల పెట్టె మ్రోగిస్తూ, చిప్సు సంచులు నీటిలోకి విసురుతున్న విహారయాత్రికులకు ఏ సంకోచమూ లేదు. హజ్రత్ ఉమర్ (రజి) కాపలాదారు అక్కడ ఉంటే ఎవరిని ఆపేవాడో మేము పిల్లలకు వివరించలేదు. వారే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కుటుంబాలతో వెళ్లదలచినవారికి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఎండాకాలంలో నీటి గుంటల వద్ద జంతువులు ఎక్కువగా కనిపిస్తాయి గాని, కొత్తగూడెం ఎండకు చిన్నపిల్లలు తాళలేరు. పాల్వంచ వరకు బస్సులున్నాయి. అన్నం, నీళ్లు ఇంటినుండే తీసుకువెళ్లడం మంచిది. ఖాళీ సంచులు తిరిగి ఇంటికే తేవాలి. లోపలికి నడవదలిస్తే ముందుగా అనుమతి తీసుకొని, ఆ ఊరివానినే దారి చూపమని అడగండి. అతని కూలి విషయంలో బేరం వద్దు.