తిట్లే ఆమె చప్పట్లు

సిద్దిపేటలో ఓ ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘గుండమ్మ కథ’ వస్తోంది. తెరమీద సూర్యకాంతం ఎడమచేయి తిప్పుతూ సావిత్రిని దులిపేస్తున్నారు.

“గామె నోట్ల మన్నువడ! పిల్లను ఎంత గోస వెడుతుందో సూడు” అంది అత్త.

“మా అత్తమ్మే నయం” అంది కోడలు. ఇద్దరూ నవ్వుకున్నారు.

సూర్యకాంతం 1924లో కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. కథానాయిక కావాలని మద్రాసు వెళ్లారు. ‘సౌదామిని’లో ఆ వేషం దొరికింది కూడా. ఇంతలో కారు ప్రమాదంలో ముఖానికి గాయమై, ఆ అవకాశం చేజారింది. 1950లో ‘సంసారం’లో గయ్యాళి అత్తగా కనిపించారు. అప్పటికి ఆమె వయసు 26 ఏళ్లే! ఆ తర్వాత ఆ ముద్ర చెరగలేదు. 1957లో ‘తోడికోడళ్లు’, అదే ఏడాది ‘మాయాబజార్’లో హిడింబి. 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున ఉన్న సినిమాకు ఆమె పాత్ర పేరే పెట్టారు.

అయితే ఆ గెలుపునకు ఖరీదు ఉంది. ఎంతో అందమైన ఆ పేరును ఆడపిల్లకు పెట్టడానికి తెలుగిళ్లు వెనకాడాయి. 1994 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. తెరమీది గయ్యాళితనం మాత్రం ఇంకా బతికే ఉంది.

సినిమా చివరికొచ్చింది. ఛాయాదేవి చేతిలో గుండమ్మ నానా అగచాట్లు పడుతోంది. ఇందాక మన్నువడ అన్న అత్త కొంగుతో కళ్లొత్తుకుంది.

“పాపం, ముసల్ది...”

కోడలు ఈసారి నవ్వలేదు. లేచి అత్తకు చాయ్ పెట్టుకొచ్చింది.