తేడా వస్తే ఎవరు చూస్తారు?

2019 సంక్రాంతికి పర్చూరు దగ్గర మా ఊరెళ్లానన్న మాటే గానీ, ఒళ్లో ల్యాప్‌టాప్‌ దిగలేదు. పండగ వెళ్లగానే మేనేజరుకు ప్లాను పంపాలి మరి! అరుగు మీద కూర్చుని గళ్లు, వాటి మధ్య బాణాలు గీస్తుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు కమీషన్‌ కొట్టు గుమాస్తాగా లెక్కలు రాసిన మనిషి.

"ఏందమ్మాయ్‌ ఆ గళ్లు?" అన్నారు.

చెప్పాను. ఒక కంపెనీలో ఆరు సాఫ్ట్‌వేర్లున్నాయి. కొనుగోళ్లకొకటి, గోడౌనుకొకటి, జీతాలకొకటి... ఒకదాని భాష ఇంకోదానికి తెలీదు. ప్రతి జతనూ నేరుగా కలపాలంటే 15 దారులు వేయాలి. అదే అందరికీ ఉమ్మడి నమూనా ఒకటి పెట్టుకుంటే, ఒక్కోదానికి ఒక్కో దుబాసీ చొప్పున ఆరు చాలు. ఆ దుబాసీ పేరే అడాప్టర్‌. మా జట్టులో అయిదుగురం. ఒక్కో అడాప్టర్‌కు రెండు వారాలు, మొత్తం 12 వారాలు.

నాన్న నవ్వారు. "అంటే నా ఉద్యోగమే. కాటా చీటీ, కొట్టు చిట్టా, బ్యాంకు పుస్తకం... మూడూ కలపటం. మరి తేడా వస్తే ఎవరు చూస్తారు?"

నా ప్లానులో ఆ గడి లేదు.

"రైతు నలభై టిక్కీలు తెచ్చానంటాడు. టిక్కీ అంటే సంచి. దాన్లో నలభై కిలోలుండొచ్చు, నలభై అయిదుండొచ్చు. ధరేమో క్వింటాలుకి. పత్తి కూడా రైతు దగ్గర క్వింటాలే, జిన్నింగు మిల్లు దాటి దూదైతే క్యాండీ, అంటే 356 కిలోలు. ఏ లెక్కన చెప్పారో కనుక్కోకుండా అంకె ఎక్కిస్తే కొంప మునుగుద్ది. కరెంటు పోతే కాగితం మీద రాసి, వచ్చాక ఎక్కించేవాళ్లం. చీటీ నెంబరు చూడకపోతే ఒకే సరుకు రెండుసార్లు ఎక్కేది."

ఇవన్నీ అమీర్‌పేటలో టిబ్కో కోర్సు చేసినప్పుడు పెద్ద పెద్ద పేర్లతో నేనూ చదివినవే. తలూపాను. కానీ తర్వాత నాన్న ఎత్తిన మాట ఏ కోర్సులోనూ లేదు.

"మీ మావయ్య సంగతి మర్చిపోయావా?"

మావయ్య నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసేవాడు. ఒక ఏడాది కొనుగోలు కేంద్రంలో అమ్మితే, డబ్బు వెళ్లి పొలం యజమాని ఖాతాలో పడింది. రికార్డులో ఉన్నది ఆయన పేరే. కంప్యూటర్ల లెక్కన ఎక్కడా తప్పు లేదు. పేరు సరిపోయింది, పాసుపుస్తకం సరిపోయింది, ఖాతా సరిపోయింది. విత్తనం వేసిన మనిషి మాత్రం ఆ గళ్లలో లేడు. యజమాని పాత బాకీ పట్టుకుని, మిగతాది ఇచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఈలోగా పురుగుమందుల కొట్టువాళ్లు ఇంటి ముందు కూర్చున్నారు. అత్తయ్య గాజులు తాకట్టుకెళ్లాయి. మళ్లీ ఇంటికి రాలేదు.

"మా కొట్లలో తప్పులు జరగలేదని కాదమ్మాయ్‌. జరిగితే అడగటానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు" అన్నారు నాన్న.

ఆ రాత్రి ప్లాను మార్చాను. మొదటి రెండు వారాలు ఒక్క లైను కోడు కూడా రాయం. ఆరు సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ల పక్కన కూర్చుని, ఏ గడికి ఏమిటి అర్థమో వాళ్ల నోటే వింటాం. పొసగని లెక్కలను పారేయకుండా దాచే చోటొకటి, రోజూ వాటిని చూసే మనిషి పేరొకటి ముందే రాసుకుంటాం.

పన్నెండు వారాలు పద్నాలుగయ్యాయి. మేనేజరు గొణిగారు. గోడౌను వాళ్ల పెట్టెలో పన్నెండు, కొనుగోళ్ల వాళ్ల పెట్టెలో పది అని మొదటి వారంలోనే తేలాక గొణగడం మానేశారు.

అడాప్టర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. పొసగని లెక్కలు చూసే మనిషి పేరు నాదే. పొద్దున్నే ఆ జాబితాలో ఒక్క వరుస కనిపించినా సరే, ఇది ఎవరింటి గాజులో అనుకుంటూ తెరుస్తాను.