పేరా? పనితనమా?

యంత్రభాష అనగానే విద్యార్థి మిత్రులకు శుష్కమైన అంకెల పోగు స్ఫురించవచ్చును. నాకు మాత్రం అది అపరిచితునితో పరిచయం చేసికొనుట వంటిది. ఎదుటనున్న ప్రాసెసర్ ఏ తరానికి చెందినది, దానికి ఏ విద్యలు వచ్చును అను ప్రశ్నకు అసెంబ్లీ భాషలో సమాధానం రాబట్టే పద్ధతి నన్ను మొదటినుండి ఆకర్షించినది.

1978 నాటి 8086కు తన పేరు చెప్పుకొనే ఆదేశమే లేదు. 1982 నాటి 80286కు, 1985 నాటి 80386కు కూడా లేదు. తెలియని ఆదేశమిచ్చి అడిగితే ప్రోగ్రాము దారి తప్పును. కావున ఆనాటి ప్రోగ్రామర్లు ప్రవర్తనను బట్టి తరాన్ని పోల్చుకొనేవారు. ఫ్లాగ్స్ రిజిస్టరును స్టాకులోకి తీసి, 12 నుండి 15 వరకు గల బిట్లను మార్చి, తిరిగి లోనికి పంపి, మరల చదివేవారు. సున్నాలు పెట్టినా ఒకట్లుగానే నిలిచినచో 8086. రియల్ మోడులో ఒకట్లు పెట్టినా సున్నాలే మిగిలినచో 80286. ఈ రెండూ కానప్పుడు, 18వ బిట్టు మార్పుకు లొంగనిచో 80386, లొంగినచో కనీసం 80486. ఇక 21వ బిట్టు మారినదా, సీపీయూఐడీ అను ఆదేశం దానికి తెలిసినట్లే.

మా దామరచర్ల ప్రాంతపు మిల్లులో ధాన్యం కొనేవారు బస్తామీది చీటీని నమ్మి ధర కట్టరు. ఇనుప గొట్టం గుచ్చి, నాలుగు గింజలు అరచేతిలో పోసికొని, కొరికి చూస్తారు. పై పరీక్ష కూడా అట్టిదే.

1993లో పెంటియమ్‌తో సీపీయూఐడీ ప్రచారంలోకి వచ్చినది. తరువాతి 80486లలో కొన్నింటికి కూడా దానిని చేర్చిరి. ఈఏఎక్స్‌లో సున్నా ఉంచి పిలిస్తే తయారీదారు పేరు పన్నెండు అక్షరాలలో వచ్చును: ‘జెన్యూయిన్‌ఇంటెల్’ అనియో, ‘ఆథెంటిక్‌ఏఎండీ’ అనియో. ఒకటి ఉంచి పిలిస్తే కుటుంబం, నమూనా, శక్తుల పట్టిక వచ్చును. ఆ పట్టికలో ఈడీఎక్స్ 23వ బిట్టు ఎంఎంఎక్స్‌ను, 26వ బిట్టు ఎస్ఎస్ఈ2ను తెలుపును.

చిక్కు ఇక్కడనే పుట్టినది. పట్టిక చేతిలో ఉండగా పేరు చూసి తీర్పు చెప్పుట మొదలైనది. ఇంటెల్ వారి కంపైలర్ తయారుచేసిన ప్రోగ్రాములు పేరు ఇంటెల్ కాకున్నచో, అవే శక్తులున్న ప్రాసెసరును సైతం నెమ్మదైన దారికి పంపేవని డెన్మార్క్ దేశపు ఆగ్నర్ ఫాగ్ సవివరంగా చూపిరి. 2008లో వయా నానో అను ప్రాసెసరుపై ఒక పరీక్ష జరిగినది. దానిలో పేరును మార్చుకొనే వీలు కలదు. ఇంటెల్ పేరు తొడిగినంతనే ఒక కొలమాన ప్రోగ్రాములో మెమరీ మార్కులు సుమారు 47 శాతం పెరిగినవి. చిప్పు అదే, బిట్లు అవే! 2009 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇంటెల్‌పై వ్యాజ్యం వేసినది. 2010 నాటి ఒడంబడికలో, తమ కంపైలర్ ఈ భేదం పాటించవచ్చునని కొనుగోలుదారులకు బహిరంగంగా తెలుపవలెనను షరతు చేరినది. భేదం మానవలెనని కాదు, తెలుపవలెనని మాత్రమే. నాకది చాలదనిపించినది.

మిల్లు తూకాల లెక్కలకై నేను వ్రాసిన చిన్న ప్రోగ్రాము 26వ బిట్టును చూసి దారి ఎన్నుకొనును. పేరును కూడా చదువును. తెరపై ఒక మూల చూపుటకు మాత్రమే.