ఊరూర తిరిగి పాడువారి గొంతుక



పాట వినుట సుఖము గనుక పాడుటయు సుఖమే యని లోకము తలంచును. "నోరు తెఱచి పాడుటకు మీకేమి శ్రమ? డప్పు కొట్టువానికి గదా చేతులు నొచ్చునది!" అని మమ్ము పలువు రడిగిరి. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలో పెండ్లిండ్లకును, జాతరలకును, నవరాత్రులకును పోయి పాడు మేళములో మేము మువ్వుర మాడవారము. మా యనుభవమున దెలిసిన సంగతులు నాలుగు మీకు విన్నవింతుము.

కంఠములో రెండు మెత్తని స్వరతంత్రు లున్నవి. లోనినుండి వచ్చు గాలికి అవి యొండొంటిని తాకుచు అదరుటచే ధ్వని పుట్టును. పురుషుడు మాటాడునపుడు అవి సెకనునకు సుమారు 100 మాఱులును, స్త్రీ మాటాడునపుడు సుమారు 200 మాఱులును తాకుకొనును; పై స్థాయి నందుకొన్నపు డింకను హెచ్చు. ఆ లెక్కను, ఎడతెగక గంటసేపు పాడిన స్త్రీ తంత్రులు ఏడులక్షల మాఱులకు మించి యొరసికొనును. అఱచేతుల నన్ని మాఱులు చఱచుకొన్నచో నేమగునో యూహింపుడు. స్త్రీలగు గాయనులకును, ఉపాధ్యాయినులకును తంత్రులపై కాయలు కట్టుట యెక్కువ యగుటకు నిదియు నొక కారణము.

నాగరుకర్నూలు జిల్లా అవుసలికుంట వాస్తవ్యులు దర్శనము మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెరను మీటుచు వీరకథలు పాడి, 2022లో పద్మశ్రీ బిరుదము నందిరి. కిన్నెర మృదువుగా మ్రోగును. పాడువాని గొంతుతో పోటీపడదు. మా మేళపు వాద్యములు అట్టివి గావు. వెనుక డ్రమ్ములు దద్దరిల్లుచుండ, మా పాట మాకే వినరాదు. చుట్టును మ్రోత హెచ్చినకొలది మనకు దెలియకయే గొంతు పెంచుట మానవస్వభావము. కావున సౌండుబాక్సు లన్నియు జనులవైపు త్రిప్పినను, ఒక్కటి మాత్రము పాడువారివైపు నిలుపవలయును. ఇది విలాసము గాదు, గొంతునకు రక్ష.

ఇక నీటి మాట. త్రాగిన నీరు నేరుగా స్వరతంత్రులకు తగులదు. అది అన్నవాహికలో దిగిపోవును. దేహమంతటను నీరు చాలినంత యున్నప్పుడే తంత్రులపై పలుచని జిగట తడియాఱక యుండును. కనుక పాటకు ముందు గ్రుక్కెడు త్రాగిన చాలదు. ఉదయము నుండియు త్రాగుచుండవలయును. కాని, సోదరీమణులారా, పాడుచోట మరుగుదొడ్డి లేకున్న ఆడుది నీరెట్లు త్రాగును? మగవాండ్రు చేనిగట్టునకు పోయివత్తురు. మేము మధ్యాహ్నమునుండి పెదవులు మాత్రమే తడుపుకొని, వేసవిరాత్రి మూడుగంటలు పాడినదినములు పెక్కు గలవు. ఒక గ్రామమున నిట్లే యుపవాసమున్న మా తోడిగాయని కొకతెకు మరునాటికి మాట బొంగురువోయినది. మూత్రమున మంటయు జ్వరమును వచ్చినవి. పది దినములు పాట లేదు. పాట లేనినాడు ఆమె యింట కూలియు లేదు. నాటినుండి మేము బయానా పుచ్చుకొనుటకు ముందే, "ఆడవారికి మరుగు చూపుదురా?" యని యడుగుచున్నాము. మొదట సిగ్గనిపించెను, ఇప్పుడు లేదు.

తక్కిన నియమములు చిన్నవి. అర్ధరాత్రము తరువాత కారపుకూర కడుపునిండ తిని వెంటనే పండుకొన్నచో, పులితేనుపు పైకెగసి కంఠమును కాల్చును. అందుచే సాయంత్రమే భుజింతుము. కృష్ణ దాటి తిరిగివచ్చునపుడు బండి మ్రోతపై నఱచి మాటాడము. గుసగుసయు విశ్రాంతి కాదు. బలవంతపు గుసగుస గొంతును బిగియించును. నెలసరికి ముందు కొందఱికి తంత్రులు కొంచెము వాచి పై స్వరము లందవు. ఆ దినములలో శ్రుతిని ఒకమెట్టు దింపి పాడుదుము. వాద్యగాండ్రు మొదట నవ్విరి. ఇప్పుడు వారే యడిగి దింపుచున్నారు.

ఈ బాధ మా పల్లెమేళములదే కాదు. అడేల్ అను జగద్విఖ్యాత ఆంగ్లగాయని 2011లో స్వరతంత్రియందు రక్తము స్రవించుటచే అమెరికా కచేరీలను మానుకొని, బోస్టనునగరమున శస్త్రచికిత్స చేయించుకొనెను. 2012 ఫిబ్రవరిలో గాని తిరిగి సభలో పాడలేదు. ఆమెకు వైద్యులును, విశ్రాంతియు నమరెను. దినకూలిపై పాడువారికి విశ్రాంతి యనగా పస్తు. కావున మాకు చికిత్సకన్న ముందుజాగ్రత్తయే దిక్కు. బొంగురు మూడు వారములకు తగ్గనియెడల మిరియాలపాలతో కాలము గడపక, చెవి ముక్కు గొంతు వైద్యునికి చూపవలయును. ఇది బడిలో పాఠములు చెప్పు సోదరీమణులకును వర్తించును.

మీ యింట శుభకార్యమునకు మేళమును పిలిచినపుడు శాలువలు కప్పకున్నను మానె. గాయనులు రాగానే ఒక చెంబెడు నీరిచ్చి, మరుగుదొడ్డి యెచటనో యింటి ఆడవారే చూపుడు. చివర "ఇంకొక్క పాట" యని జనులు కేకలు వేయునపుడు, "చాలును, వారి గొంతు రేపటికిని కావలయును" అని మీలో నొక్కరు పలికినచో, అదియే మాకు పదివేలు.