నడతే ఆనవాలు

పత్తి తీతలు మొదలైనప్పటి నుంచి కల్లాల్లో మిరపకాయలు ఎండేదాకా, అద్దంకి పక్కన గుండ్లకమ్మ ఒడ్డున చిన్న ఉల్లంకి పిట్టలు తిరుగుతుంటాయి. నీటిపిట్టలని ఒక్కమాట అనేసి వాటిని దాటిపోతాం. తప్పు మనది మాత్రమే కాదు. వలస వచ్చే ఉల్లంకుల్లో కామన్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్, వుడ్ శాండ్‌పైపర్ మూడూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి: పైన మట్టిరంగు, కింద తెలుపు. గ్రీన్ అన్న పేరున్న పిట్ట వీపు కూడా మనకు ముదురు మట్టిరంగులోనే కనబడుతుంది. అందుకే రంగు కన్నా ముందు నడతను చూడాలంటాను.

జానెడు పొడవుండే కామన్ శాండ్‌పైపర్ సాధారణంగా ఒంటరిగా మేస్తుంది. రాళ్ల మధ్య వంగి నడుస్తూ, వాటిపైన వాలిన పురుగును చూసి టక్కున పొడుస్తుంది. నిలబడినా వెనకభాగం కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. బెదిరితే రెక్కలను కిందికి వంచి టపటపా ఆడిస్తూ, నీటిని తాకుతుందేమో అన్నంత కిందుగా ఎగిరి కొంచెం అవతల మళ్లీ ఒడ్డునే వాలుతుంది. గ్రీన్ శాండ్‌పైపర్ అయితే తెల్లటి నడుము చూపిస్తూ గట్టిగా కూసి, నిటారుగా పైకి లేచిపోతుంది. వుడ్ శాండ్‌పైపర్ వీపంతా చుక్కలతో, నీళ్లు నిలిచిన పొలాల్లో తరచూ గుంపుగా మేస్తుంది.

గ్రీన్ శాండ్‌పైపర్ కూడా తోక ఊపుతుంది కదా అనవచ్చు. నిజమే. అందుకే ఒక్క అలవాటుతో తీర్పు చెప్పకూడదు. మేత, ఎగిరే తీరు, కూత కలిసిరావాలి. ఆపైన రూపాన్ని సాక్ష్యం అడగాలి: కామన్ శాండ్‌పైపర్‌కు రొమ్ము మీది మట్టిరంగుకూ రెక్కకూ నడుమ, భుజం దగ్గర తెలుపు మేకులా పైకి చొచ్చుకొస్తుంది. సెల్‌ఫోన్ ఫోటో చాలదా అంటే, ఆ ఊగడం ఫోటోలో ఆగిపోతుంది.

పేరు తెలిస్తే ఒరిగేదేమిటన్న ప్రశ్నకు కూడా నడతలోనే జవాబుంది. కశ్మీర్, లడఖ్ వాగుల రాతి ఒడ్డుల్లో, ఇంకా ఉత్తరాన ఆసియా నదుల వెంట నేలమీదే గుడ్లు పెట్టే కామన్ శాండ్‌పైపర్, ఇక్కడికొచ్చినా ఒడ్డునే వెతుక్కుంటుంది. గ్రీన్ శాండ్‌పైపర్ చెట్లమీద వేరే పక్షులు వదిలేసిన గూళ్లను వాడుకుంటుంది. రెండింటి అవసరాలు వేరు. గుర్రపుడెక్క ఒడ్డుదాకా కమ్మేస్తే, రాళ్లమీద పురుగులేరుకునే పిట్టకు మేతచోటు పోతుంది. అన్నింటినీ నీటిపిట్టలనే పిలుస్తుంటే, వాటిలో ఏది రావడం మానేసిందో మనకు తెలియనే తెలియదు.