గోడకి అయిదడుగుల దూరం

2024 లో దసరా వెళ్ళిన వారానికి ఇంటి ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మా వారు చదివి, మళ్ళీ కవర్లో పెట్టేసి, కాఫీ కప్పు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆయన మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళారంటే విషయం డబ్బుకి సంబంధించిందని ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకు బాగా తెలిసిన సంగతి. నేను కవరు తీసి చూశాను. మా ఇల్లు కార్చిచ్చు ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట ఉందిట. 75 రోజుల తర్వాత పాలసీ పొడిగించరుట. పన్నెండేళ్ళు ఒక్క క్లెయిమూ లేకుండా డబ్బు కట్టిన వాళ్ళకి మూడు పేరాల ఉత్తరం.

మేముండేది శాక్రమెంటోకి తూర్పున, ఎల్ డొరాడో హిల్స్ కొండల మీద. సంక్రాంతికి ఈ కొండలు పచ్చగా పసిపిల్లాడి తలలా ఉంటాయి. మే నెల వచ్చేసరికి గడ్డంతా ఎండి, ఎండుగడ్డి పరిచిన కళ్ళంలా అయిపోతుంది. ఇల్లు కొన్నప్పుడు మేం చూసింది స్కూళ్ళు ఎలా ఉన్నాయి, తూర్పు వాకిలా కాదా అని మాత్రమే. నిప్పు సంగతి ఎవరికి గుర్తొస్తుంది? బీఏ తెలుగులో దావాగ్ని, బడబాగ్ని, జఠరాగ్ని అని బట్టీ పట్టాను గానీ, ఇన్నేళ్ళూ నేను రోజూ చల్లార్చింది ఆ మూడోదాన్నే.

దావాగ్ని అంటే ఏమిటో 2021 ఆగస్టులో తెలిసింది. కాల్డర్ ఫైర్ అన్నారు. మాకు తూర్పున గంట ప్రయాణం దూరంలో గ్రిజ్లీ ఫ్లాట్స్ అనే చిన్న ఊరు చాలా భాగం బూడిదైపోయింది. సౌత్ లేక్ టాహో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. మా ఇంటి దాకా రాలేదు కానీ, పెరట్లో ఆరేసిన బట్టల మీద తెల్లటి బూడిద పడింది. ఒక రేకు చేతిలోకి తీసుకుంటే అది ఎవరి ఇంట్లో ఏ వస్తువో అనిపించి మళ్ళీ కింద పడెయ్యడానికి మనసొప్పలేదు.

2025 జనవరిలో లాస్ ఏంజెలస్ పాలిసేడ్స్, ఆల్టడీనా కాలిపోతుంటే టీవీ ముందే కూర్చున్నాం. 16,000 కి పైగా కట్టడాలు పోయాయి. ఆ దృశ్యాల్లో ఒకటి మా అబ్బాయే పట్టుకున్నాడు. "అమ్మా, చెట్లు చూడు, పచ్చగానే ఉన్నాయి. ఇళ్ళు మాత్రం లేవు. ఎందుకు?" అన్నాడు.

నిజమే కదా! నేను ఇన్నాళ్ళూ కార్చిచ్చు అంటే కొండ మీంచి మంటల గోడ ఒకటి దిగొచ్చి ఇళ్ళని మింగేస్తుందనుకున్నాను. అది కాదుట. చాలా ఇళ్ళని తగలబెట్టేవి గాలికి ఎగిరొచ్చే నిప్పు రవ్వలుట. మైలు దూరం నుంచి కూడా ఎగిరొస్తాయి. వచ్చి గట్టర్లో ఎండుటాకుల మీదో, గుమ్మంలో పీచు పట్టా మీదో, అటక గాలి కోసం పెట్టిన జాలీలోంచి లోపలికో దూరి, అక్కడ కూర్చుని నెమ్మదిగా రాజుకుంటాయి. ఫైరింజన్ ముందు వీధిలోంచి వెళ్ళిపోయాక ఇల్లు అంటుకుంటుంది.

జాక్ కోహెన్ అని ఇక్కడి అటవీ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త ఒకాయన కెనడా అడవుల్లో చెక్క గోడలు నిలబెట్టి, పక్కనున్న చెట్లకి నిప్పు పెట్టి చూశాడు. 10 మీటర్ల దూరంలో ఉన్న గోడలు కొన్నిసార్లు అంటుకున్నాయి. 20, 30 మీటర్ల దూరంలో ఉన్నవి అంటుకోలేదు. అంత పెద్ద అడవి మంట కూడా ముప్ఫై మీటర్ల అవతలి గోడని ఏమీ చెయ్యలేకపోయిందంటే, ఇల్లు నిలవడమా పోవడమా అన్నది చాలావరకు ఇల్లూ, దాని చుట్టుపక్కలా ఎలా ఉన్నాయన్న దాని మీదే ఉందన్నమాట. ఇది చదివాక నాకు భయం కొంచెం తగ్గింది, పని చాలా పెరిగింది.

ఫిబ్రవరిలో అగ్నిమాపక శాఖ నుంచి ఒకాయన వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. పెద్ద మనిషి, నెమ్మదస్తుడు. గోడ దగ్గర్నుంచి మొదటి అయిదడుగులు ఒక వలయం, అక్కడ్నుంచి ముప్ఫై అడుగుల దాకా ఒకటి, వంద అడుగుల దాకా ఇంకొకటి అని గీతలు గీసినట్టు చెప్పాడు. మొదటి అయిదడుగుల్లో కాలేది ఏదీ ఉండకూడదు. రెండో వలయంలో మొక్కలు ఉండొచ్చు కానీ ఒకదానికొకటి తగలకుండా ఉండాలి. మూడో దాంట్లో గడ్డి కోసెయ్యాలి, చెట్ల కింది కొమ్మలు కొట్టెయ్యాలి.

ఆయన ఒక్కొక్కటీ చూపిస్తుంటే నాకు భారతంలో లక్క ఇల్లు గుర్తొచ్చింది. పురోచనుడు లక్క, నెయ్యి, నూనె కలిపి కావాలని అలా కట్టాడు. మేం ఎవరూ చెప్పకుండానే కట్టుకున్నాం. కిటికీల కింద అందంగా ఉంటుందని పరిచిన చెక్కపొట్టు. డెక్ కింద పేర్చిన కట్టెలు. ఇంటి గోడకి ఆనించి మేకులు కొట్టిన చెక్క ఫెన్స్. అటక వెంట్లకి ఎలకలు రాకుండా పావు అంగుళం కన్నాల జాలీ. ఎలకలు రావు కానీ రవ్వలు హాయిగా వస్తాయి. పైన పెంకులు మట్టివే కదా, భయం లేదనుకున్నాను. అంచుల దగ్గర గుండ్రటి పెంకుల కింద ఖాళీలు చూపించాడు. అక్కడ పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. ఎండు గడ్డి, పుల్లలు, ఈకలు. "రవ్వకి ఇంతకంటే మంచి పరుపు ఉండదు" అన్నాడు. ధర్మరాజు లోపలికి అడుగు పెట్టగానే నెయ్యి వాసన పసిగట్టాడు. మేం పన్నెండేళ్ళు పసిగట్టలేదు.

అన్నీ చూశాక వంటింటి కిటికీ దగ్గర ఆగి, "ఇది కూడా" అన్నాడు. అది మల్లె పందిరి.

ఆ పందిరి గురించి చెప్పాలి. 2014 లో అమ్మ ఇక్కడికి వచ్చింది. అదే మొదటిసారి, అదే ఆఖరిసారి కూడా. ఇక్కడ నర్సరీలో మల్లెమొక్క కనపడగానే పాత స్నేహితురాలు దొరికినట్టు సంబరపడింది. చలికాలం తట్టుకోదని షాపువాడు చెబితే, "గోడ వేడికి బతుకుతుందిలే, కిటికీ పక్కన పెడదాం" అంది. దక్షిణం గోడకి ఆనించి మా వారి చేత చెక్క పందిరి వేయించింది. ఆరు నెలలుండి వెళ్ళిపోయింది. 2020 లో కోవిడ్ రోజుల్లో అమ్మ పోయింది. విమానాలు లేవు. ఫోన్లో చూశాను, అంతే. ఆ వేసవిలో తీగ విరగబూసింది. అంట్లు తోముతుంటే కిటికీలోంచి వాసన వచ్చేది. నాకు అమ్మ దగ్గర వెక్కి వెక్కి ఏడ్చే అవకాశం ఇచ్చింది ఆ కిటికీయే.

అందుకని మిగతా పనులన్నిటికీ తల ఊపాను, దీనికి మాత్రం ఊపలేదు. ఇన్నేళ్ళలో పందిరి చెక్క ఎండి పెళుసెక్కింది. లోపలి తీగలన్నీ ఎండుపుల్లలు. పైన చూరు, పక్కన కిటికీ అద్దం. వేడికి అద్దం పగిలితే మంట సరాసరి వంటింట్లోకే. ఇవన్నీ నాకు తెలుస్తున్నాయి. తెలిసినంత మాత్రాన చెయ్యి వస్తుందా? మా వారు ఒక్క మాటా అనలేదు. ఆయన అనుంటే పోట్లాడేదాన్ని, తేలికయ్యేది.

తెనాలిలో ఉన్న చెల్లికి ఫోన్ చేసి ఏకరువు పెట్టాను. అది అంతా విని, "అక్కా, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నిప్పంటుకున్న రోజు గుర్తుందా నీకు?" అంది.

గుర్తు లేకపోవడమేమిటి! నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి. వేసవి సెలవులు, మిట్టమధ్యాహ్నం, వడగాలి. ఊరి చివర ఒక పూరింటి పొయ్యిలోంచి రవ్వ లేచింది. ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదకి నిప్పు గెంతుతూ పోయింది. అప్పుడు నాకు అర్థం కాని పని ఒకటి చూశాను. ఇంకా అంటుకోని ఇంటి మీదకి మగవాళ్ళెక్కి తాటాకు కప్పంతా లాగి కింద పారేస్తున్నారు. ఆ ఇంటావిడ వద్దని ఏడుస్తోంది, వాళ్ళు లాగుతూనే ఉన్నారు. నిప్పు అక్కడ ఆగిపోయింది. అమ్మమ్మ వాళ్ళది పెంకుటిల్లు. తాతయ్య తడిపిన గోనెసంచులు కప్పు మీద పరిపించాడు. గడ్డివాము ఇంటికి దూరంగా దొడ్డి చివర ఉండేది. వాకిలి చుట్టూ ఎండుటాకు కనపడనిచ్చేది కాదు అమ్మమ్మ, పొద్దున్నే ఊడ్చి కళ్ళాపి చల్లేది. అది నిప్పు కోసం చేసింది కాదులెండి, ఆవిడకి శుభ్రం పిచ్చి. కానీ ఆ అగ్నిమాపక శాఖాయన చెప్పిన మొదటి వలయం అచ్చం మా అమ్మమ్మ వాకిలే.

"అమ్మే ఉంటే ఈపాటికి కత్తెర పట్టుకుని నిలబడేది" అంది చెల్లి. నాకు ఆ కప్పు పీకించుకున్న ఇంటావిడ ఏడుపు వినపడింది. ఆవిడ ఇల్లు మిగిలింది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో శనాదివారాలన్నీ దీనికే పోయాయి. అన్నిటికంటే చవకైన పని, ఫలితం ఎక్కువుండే పని శుభ్రం చెయ్యడమే. గట్టర్లలో ఆకులు తీశాం, పైన ఇనప జాలీ వేయించాం. కట్టెలు పెరటి చివరకి మోశాం. వెంట్లకి అంగుళంలో ఎనిమిదో వంతు కన్నాల స్టీలు జాలీ మా వారూ అబ్బాయీ కలిసి బిగించారు. పెంకుల చివర ఖాళీలు సిమెంటుతో మూయించాం, పిచ్చుకలు గూళ్ళు వదిలి వెళ్ళాయని చూసుకునే. ఫెన్స్ మొత్తం మార్చే స్తోమత లేదు. ఇంటికి తగిలే చివరి అయిదడుగులు తీసేసి ఇనప గేటు పెట్టించాం. మంట ఫెన్స్ వెంబడి వచ్చినా అక్కడ ఆగాలని. కిటికీ కింది చెక్కపొట్టు ఎత్తేసి కంకర పోశాం. గుమ్మంలో పీచు పట్టా తీసేశాం.

ఇంత చేస్తే ఇల్లు నిలుస్తుందా అని అమ్మాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి అడిగింది. గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. కానీ 2018 నవంబరు 8 న పారడైజ్ ఊరు కాలినప్పుడు 85 మంది పోయారు, 18,000 కి పైగా కట్టడాలు పోయాయి. కాలిఫోర్నియాలో 2008 నుంచి ఇలాంటి ప్రాంతాల్లో కొత్త ఇళ్ళకి కప్పు, వెంట్లు, గోడలు, కిటికీలు నిప్పుని తట్టుకునేలా ఉండాలని రూలు ఉంది. పారడైజ్‌లో ఆ రూలు తర్వాత కట్టిన ఇళ్ళల్లో సగం దాకా దెబ్బతినకుండా మిగిలాయిట. అంతకుముందు కట్టినవి అయిదింట ఒక వంతు కూడా మిగల్లేదు. మాది 1996 లో కట్టింది. అందుకే ఈ తాపత్రయం.

మిగిలిన చిక్కు పక్కిల్లు. మా రెండిళ్ళ మధ్య పదిహేనడుగులుంటుందేమో. వాళ్ళ గోడకి ఆనుకుని జూనిపర్ పొదలు. అవి నూనె చెట్లు, పెట్రోలులా మండుతాయి. ఆ ఇల్లంటుకుంటే మేం ఎన్ని జాలీలు బిగించినా దండగే. పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి, ఒక్కతే ఉంటుంది. ఎలా చెప్పాలో తెలియక ఒక గిన్నెలో పులిహోర పట్టుకెళ్ళాను. ఆవిడ అంతా విని, "అవి మా ఆయన నాటినవి" అంది.

ఇంక నేనేం మాట్లాడను? మా వంటింటి కిటికీ చూపించి మా అమ్మ సంగతి చెప్పాను. ఇద్దరం కాసేపు అలా కూర్చున్నాం. చివరికి ఆవిడే, "నీది ఎప్పుడు తీస్తున్నావు?" అని అడిగింది. ఆదివారం అన్నాను. నిజానికి అప్పటిదాకా నేను ఏ ఆదివారమూ అనుకోలేదు.

ఆ ఆదివారం మా వాళ్ళు ఆవిడ పొదలు తీశారు, ఆవిడ కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత మా పందిరి. ఫిబ్రవరిలోనే, చేస్తానో లేదో తెలియకపోయినా, రెండు కింది కొమ్మల్ని వంచి మట్టి తొట్టెల్లో తొక్కిపెట్టి ఉంచాను. ఎందుకైనా మంచిదని. పెద్ద మొదలు తవ్వి దూరంగా పెరట్లో పాతాం. పదకొండేళ్ళ వేరు, గోడ కిందికి పోయింది, సగం తెగిపోయింది. అది బతకలేదు. తొట్టెల్లో కొమ్మల్లో ఒకటి పట్టుకుంది. దానికిప్పుడు గోడ వెచ్చదనం లేదు కాబట్టి చలికాలం గరాజ్‌లోకి మొయ్యాలి. మా అబ్బాయి చక్రాల పీట ఒకటి తయారుచేసి ఇచ్చాడు.

ఇన్సూరెన్స్ ఏమైంది అని అడుగుతారు. పాత కంపెనీ మనసు మార్చుకోలేదు. ఎవరూ ఇవ్వనివాళ్ళకి ఇక్కడ ఫెయిర్ ప్లాన్ అని ఒకటుంది, గడువు తీరేలోపే అందులో చేరాం. అది నిప్పు లాంటి కొన్నిటికే, మిగతావాటికి ఇంకో పాలసీ. ఖర్చు ఎక్కువే. చేసిన పనులకి ఫొటోలు పంపితే కొంచెం తగ్గించారు. కొంచెమే.

మీలో ఎవరైనా ఇలాంటి కొండల మీద ఉంటే ఒక పని చెయ్యండి. డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక సాయంత్రం ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యండి. గోడకి అయిదడుగుల్లో అగ్గిపుల్ల వేస్తే ఏది అంటుకుంటుందో చూస్తూ నడవండి. పాస్‌పోర్టులు, మందులు, నగలు ఒక్క సంచిలో పెట్టుకోండి. వెళ్ళిపొమ్మంటే మాత్రం ఇల్లు చూసుకుంటూ నిలబడకండి. పాండవులు కూడా సొరంగం ముందే తవ్వించుకున్నారు.

కిటికీ పక్కన ఇప్పుడు కంకర, రెండు సిమెంటు పలకలు. మొదట్లో అటు చూడబుద్ధయ్యేది కాదు. ఒక శుక్రవారం ఆ పలకలు కడిగి ముగ్గు వేశాను. జూన్ చివర్లో తొట్టెలో మొక్క నాలుగు మొగ్గలు వేసింది. వాసన వంటింటి దాకా రావడం లేదు. సాయంత్రం అంట్లు అయ్యాక నేనే పన్నెండడుగులు నడిచి వెళ్తున్నాను.

రెండు మొగ్గలు పక్కింటావిడకి ఇచ్చాను. చెవి వెనక పెట్టుకుంది.